కంకణానికి ముందు గుక్క

ఏడు కొండలెక్కి దిగితే వచ్చే చింతలదుర్గంలో ఒక వైద్య విద్యాపీఠం ఉండేది. అక్కడ అందరికన్నా బాగా వైద్యం నేర్పిన గురువుకి ఏటా రాజుగారు బంగారు కంకణం తొడిగేవారు. దానికి ముందు, ఆ గురువు శిష్యుడు కాచిన మందును, మందులు నూరే మనిషి నిండు సభలో తాగి చూపించాలి. అదీ ఆచారం.

ఆ ఏడు కంకణం భైరవభట్టుగారిది, తాగాల్సిన వంతు మందులు నూరే గవరమ్మది. పొద్దున ఆయన శిష్యుడు కాచిన కషాయం చుక్క పడి, రాతి కల్వం పొగలు కక్కి రెండు చెక్కలవడం ఆమె కళ్లారా చూసింది. సభలో ఆమె వణికిన వణుక్కి స్తంభాలు ఊగాయి, కోటమీది కాకులు పక్క రాజ్యానికి లేచిపోయాయి.

"తాగవే! లేదంటే తల తీయిస్తాను" అని ఉరిమారు భట్టుగారు.

తాగితే చావు, మానినా చావు. గవరమ్మ రాజుగారి కాళ్లమీద పడింది.

"మహాప్రభో! నేను బతికితే మొండి ప్రాణం అంటారు. చస్తే ముసలిదానికి కాలం తీరిందంటారు. ఇందులో గురువుగారి గొప్ప ఏం తేలుతుంది? ఆయన పాఠం అంత గట్టిదైతే శిష్యుడి చేతి మందు ఆయనే తాగాలి గదా!"

"నిజమే. తాగండి భట్టుగారూ" అన్నారు రాజుగారు.

గిన్నె చేతికి రాగానే భట్టుగారి పిలక నిక్కబొడుచుకుంది. "ఇవాళ ఏకాదశి, ఉపవాసం ప్రభూ!"

"మందుకి ఉపవాసం అడ్డురాదు. కాచింది మీ శిష్యుడే కదా, భయమెందుకు?"

భట్టుగారు బావురుమన్నారు. "వాడికి పాఠం చెప్పింది నేనే మహాప్రభో!"