మచ్చ లేని ముంగిస

ముసురుకొండ మీద ఏయే చిన్న జంతువులు బతుకుతున్నాయో పుస్తకంలో రాసుకోడానికి చదువుకున్న మనుషులు కొందరు వచ్చి వారం నుంచీ గుడారం వేసుకుని ఉన్నారు. వాలంతా రేకు పెట్టెలు పెట్టి, లోపల వేరుశనగ గింజలు చల్లారు. ఆశపడి లోపలికెళ్తే తలుపు టక్కున పడుతుంది. పొద్దున్నే వాళ్ళొచ్చి చూసుకుని, పడ్డ జంతువుని దొరికిన చోటే వదిలేస్తారు. ఆ సంగతి సింహాద్రి అనే ముంగిస కనిపెట్టాడు. వేటకి తిరగడం మానేసి, నిండిన పెట్టె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ ఉదయం పెట్టెలో ఉన్నది నూకాలు అనే చిట్టెలుక. రాతి కింద బొరియలో దానికి కళ్ళు తెరవని పిల్లలు నాలుగు. రాత్రి నుంచీ వాటికి పాలు లేవు. పెట్టె చీలికలోంచి చూస్తే ముంగిస మూతి కనబడింది. నూకాలుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

సింహాద్రి పెట్టెను రెండుసార్లు దొర్లించి చూశాడు. అది తెరుచుకోలేదు.

"ఏటే నూకాలూ, మళ్ళీ పడ్డావా? నిదానంగానే రా. నానెక్కడికీ ఎల్లను," అన్నాడు.

"పడడం నాకు అలవాటే బావా. ఇది ఐదోసారి," అంది నూకాలు. "నా వీపు మీద బొచ్చు కత్తిరించిన మచ్చ సూడు. మచ్చున్నోళ్ళని ఇలా సూసి అలా వదిలీస్తారు. అందుకే పడ్డప్పుడల్లా గింజలు తినీసి పోతన్నాను. పైన పెద్ద బోనులో ఎండుచేపలు కూడా ఉన్నాయి. నీకే ఆ యోగం లేదు."

సింహాద్రి ముక్కు అప్పటికే అటు తిరిగింది. "తలుపు పడిపోదేటి?"

"పడతాది. ఆళ్ళొచ్చి తీస్తారు. పైనుంచి కిందికి దిగుతారు కదా, ముందు ఆ బోను, తరవాతే నా పెట్టె."

"నిన్ను తిందామని కూకున్నోడికి ఇవన్నీ ఎందుకు సెప్తన్నావే?"

"నీ కడుపు నిండితే నా జోలికి రావేమోనని."

అదీ నిజమే. నూకాలు ఆడిన ప్రతి మాటా నిజమే. ఒక్క ముక్క మాత్రం బయటికి రానివ్వలేదు.

పైనుంచి మనుషుల మాటలు వినబడ్డాయి. సింహాద్రి గబగబా ఆలోచించుకున్నాడు. తనను ముందే వదిలేస్తారు కనుక చేపలు తినేసి, తిరిగొచ్చి నూకాలు కోసం కూర్చోవచ్చు. ఒక్క ఉరుకున బోనులో దూరాడు. తలుపు పడింది.

వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయి బోను మీదికి వంగి, "దీనికి మచ్చ లేదు. కొత్తది," అంది సంబరంగా. కొత్తదైతే గుడారానికి మోసుకెళ్ళాలి, తూచాలి, తోక కొలవాలి, బొచ్చు కత్తిరించాలి. సాయంత్రం దాకా పని. మొదటిసారి నూకాలు పడిన పాట్లు అవే, సింహాద్రికి చెప్పకుండా మింగేసిన ముక్కా అదే. ఇద్దరు మనుషులు బోను మీద గోనెపట్టా కప్పి ఎత్తుకుపోయారు. ఆ అమ్మాయి కిందికి దిగి, నూకాలు వీపు చూసి, ఒక్క వరస రాసుకుని వదిలేసింది.

నూకాలు వెనక్కి తిరిగి చూడలేదు. పిల్లలు నాలుగూ ఇంకా వెచ్చగానే ఉన్నాయి. కడుపారా పాలిచ్చి, ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని, ముంగిస మూతి పట్టని రాతి పగులులోకి మార్చేసింది.

సాయంత్రం వీపు మీద మచ్చతో తిరిగొచ్చిన సింహాద్రి ఖాళీ బొరియ ముందు నిలబడి, "అబద్ధాలాడి నన్ను ముంచీసావే," అని అరిచాడు.

"ఏ మాట అబద్ధం బావా?" పగులు లోపల్నుంచి జవాబొచ్చింది.

సింహాద్రి పొద్దుటి మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసుకున్నాడు. అబద్ధం ఒక్కటీ దొరకలేదు.

కాబట్టి, ఎదుటివాళ్ళు చెప్పింది నిజమేనా అని తేల్చుకుని ఊరుకోకండి. చెప్పకుండా ఆపిందేమిటో కూడా అడగండి.