సూదులు పీకిన దిండు

"మీ అల్లిక దిండు మీ ఒడిలోదే. దాని మీద రాజు చెయ్యి కూడా పడదు." పట్టాభిషేకం నాడు విక్రాంత మహారాజు లేసు అల్లే ఆడవాళ్లకిచ్చిన మాట ఇది.

అనగనగా ఆ రాజుగారి ఊళ్లో, పిల్లలూ, లేసు అల్లాలంటే గుండ్రటి దిండు కావాలి. దిండు నిండా గుండుసూదులు, సూదుల చుట్టూ దారాలు, దారాల చివర చెక్క కండెలు. ఏ తల్లీ ఖాళీ దిండు కూతురికివ్వదు. ఒక పువ్వు సగంలో ఆపి ఇస్తుంది. మిగతా సగం ఎలా అల్లాలో ఆ సూదులు చూసి కూతురు నేర్చుకుంటుంది.

ఒకనాడు ఒక మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఊళ్లో దిండ్లన్నీ ఎత్తుకుపోయాడు. రాజుగారి మూడో కొడుకు చిత్రరథుడు వెంటపడ్డాడు. తాబేలు అతణ్ణి వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. గిజిగాడు పిట్ట మాంత్రికుడి ప్రాణం దాచిన పంజరం ముడి విప్పింది. లోపలి చిలుక మెడ విరగగానే మాంత్రికుడు కుప్పకూలాడు. ఒక్క సూది కదలకుండా దిండ్లన్నీ ఊరు చేరాయి.

కథ ఇక్కడే అయిపోవాలి. కాలేదు.

"ఇవి ప్రజల సంపద!" అన్నాడు రాజు. అన్నిటినీ అద్దాల మేడలో పెట్టించి తాళం వేయించాడు.

వీరాయమ్మ అనే ముసలమ్మకు చూపు పోతోంది, చేతులు వణుకుతున్నాయి. ఊపిరుండగానే తన పువ్వు కూతురికి అప్పగించాలి. కూతురు చుక్క మేడకు వెళ్లింది.

"పండక్కి రా, చూపిస్తాం," అన్నాడు అధికారి.

రెండోసారి వెళ్లింది.

"నీదేనని గుర్తేంటి?"

"మా అమ్మ మోచెయ్యి ఆనిన పల్లం ఉంటుందండీ."

"పల్లం లేని దిండుందా పిల్లా, ఈ ఊళ్లో?"

మూడోసారి రాకుమారుణ్ణి తోడు తీసుకెళ్లింది. అధికారి లేచి దండం పెట్టాడు. "మీరొస్తున్నారని ముందుగా ఈ పిల్ల దిండే వెతికించి శుభ్రం చేయించాం!" అన్నాడు మురిసిపోతూ. సూదులన్నీ పీకి డబ్బాలో సర్దారు. పువ్వు దారపు ఉండైంది.

చుక్క ఆ ఉండను ఇంటికి తెచ్చింది. తల్లి వేళ్లతో తడిమింది.

"మొదలెక్కడో తెలీడం లేదే, తల్లీ."

మూడో రోజున వీరాయమ్మ పోయింది.

"మాంత్రికుడు కూడా ఒక్క సూది పీకలేదు, నాన్నగారూ," అన్నాడు చిత్రరథుడు.

"పెళ్లి చేసుకుని సింహాసనం ఎక్కు, నాయనా. అన్నీ మరిచిపోతావు."

"మరిచిపోయేవాళ్ల సింహాసనం నాకొద్దు! పనిముట్టు పనిచేసే చేతిదే!"

ఆ మాటే, తమ దిండ్లు ఇమ్మని మేడ గుమ్మం ముందు కూర్చున్న ఆడవాళ్లందరూ అరిచారు. అధికారి బయటికొచ్చి చాటింపు చదివాడు. ఆషాఢ శుద్ధ పాడ్యమి నుంచి మిగతా దిండ్లు కూడా శుభ్రం చేస్తారట. తన పెళ్లి బాజాల కోసం వేసిన పందిట్లోనే రాకుమారుడు చుక్క పక్కన కూర్చుని తండ్రికి ఉత్తరం రాశాడు:

"మహారాజా, ఇచ్చిన మాట మీది. దిండ్లు వాళ్లవి. సూదులు పీకకుండా తిరిగి ఇస్తారా, ఇవ్వరా? జవాబు చెప్పండి. గడువు జ్యేష్ఠ అమావాస్య, పొద్దుగుంకే లోపు."