సింహం తల మేకు

ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యమంటే రాజూ కోటా మాత్రమే కాదు, నేల కూడా. ఆ రాజ్యంలో నేల ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉండేది. తూర్పున సముద్రపు ఇసుక, నడుమ నల్లరేగడి, పడమట బండరాళ్ల గుట్టలు. రాజధాని కోట ఉన్నచోట మాత్రం మెత్తని ఎర్రమట్టి.

ఆ రాజ్యానికి రాజు ఉదయమల్లుడు. తండ్రి పోయాక కొత్తగా పట్టాభిషేకం చేసుకున్నాడు. మనసు చెడ్డది కాదు. కానీ కిరీటం పెట్టుకున్నది మొదలు ఎదురు మాట విని ఎరగడు. తను ఏమంటే అదే శాసనం.

ఆయన కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. నవ్వించడం అతని కొలువు. అయితే నలుగురూ అనుకున్నట్టు అతను నోటికొచ్చిందల్లా మాట్లాడే మనిషి కాదు. ఒక మాట అనడానికి ముందు దాన్ని లోపల పదిసార్లు తిప్పి చూసుకునేవాడు.

వానలు తగ్గుముఖం పట్టగానే రాజు రాజ్యమంతా తిరిగి ప్రజల మంచిచెడ్డలు చూసి రావడం ఆ వంశంలో ఆచారం. దారి పొడుగునా గుడారాల్లోనే బస. గుడారాల పెద్ద గుండయ్య. రాజుగారి తండ్రి కాలం నుంచీ ఆ పని అతనిదే.

బయలుదేరే ముందు గుండయ్య సర్దిన బండిని రాజు చూశాడు. అందులో నులక మంచాలు, గొంగళ్లు, గడ్డిమోపులు, మూరెడు కర్రమేకులు, జానెడు ఇనపమేకులు, వెడల్పు చెక్కలు, ఇంకా ఏవేవో ఉన్నాయి.

"ఇది రాజు సవారీయా, సంతకు పోయే బండా?" అన్నాడు రాజు. "ఒక్క మేకులాగా ఇంకో మేకు లేదు! చూసినవాళ్లు మాకు ఏ పద్ధతీ లేదనుకోరూ?"

వెంటనే కంచు పోతపోసేవాళ్లను పిలిపించాడు. జానెడు పొడుగుతో, సింహం తలతో, తళతళలాడే మేకులు చేయించాడు. మొదటి మేకును కోట ముంగిట తానే సమ్మెట పుచ్చుకుని దిగగొట్టాడు. ఎర్రమట్టిలో అది ఇంపుగా దిగి గట్టిగా నిలిచింది. కొలువంతా జయజయధ్వానాలు చేసింది.

"రాజు ఒక్కడే, రాజ్యం ఒక్కటే. ఇకమీదట మేకూ ఒక్కటే!" అని ప్రకటించాడు రాజు. "పరుపూ ఒక్కటే. బూరుగుదూది పరుపు, పట్టు గలేబు. మంచాలు వద్దు. మేము భూపతులం. భూమి మీదే పవళిస్తాం."

గుండయ్య ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. మాచన అది చూశాడు. చూసి తానూ ఊరుకున్నాడు.

సవారీ ముందుగా తూర్పుకు సాగింది. సముద్రపు ఒడ్డున ఇసుకలో గుడారం వేశారు. మధ్యాహ్నం జాలరిపల్లెల పెద్దలు రాజదర్శనానికి వచ్చారు. రాజు సింహాసనం మీద కూర్చుని, తన పరాక్రమం గురించి తానే చెబుతూ చెయ్యెత్తాడు. అదే సమయానికి సముద్రం మీంచి గాలి లేచింది. మేకులు ఇసుకలోంచి ఒకటొకటిగా పైకి తేలాయి. గుడారం బుస్సుమని పొంగి, రాజు నెత్తిన కూలింది.

గుడ్డ కింద రాజు ఒకవైపు, సింహాసనం ఒకవైపు. పల్లెపెద్దలు నవ్వు ఆపుకోలేక నేల చూపులు చూశారు. భటులు గుడ్డ ఎత్తేసరికి రాజుగారి మొహం కందగడ్డలా ఉంది.

"గుండయ్యా! సమ్మెట పట్టడం కూడా చేతకాదా నీకు?"

"ప్రభూ, ఇసుకలో పొట్టిమేకు నిలవదు..."

"నేలకు భూపతిని నేను! నేను చేయించిన మేకును నేల పట్టుకోదా? నీకు చేతకాక తప్పు నేల మీదికి నెడుతున్నావు. వీణ్ణి రాజ్యం పొలిమేర దాటించండి!"

మాచన లెక్క వేసుకున్నాడు. ఇక్కడ ఒక్క మాట తప్పుగా పడితే గుండయ్యతోపాటు తనూ పొలిమేర దాటాల్సిందే. అయినా ముందుకు వచ్చాడు.

"ప్రభూ, చిన్న మనవి. ఇతన్ని ఇప్పుడే వెళ్లగొడితే, పొరుగు రాజ్యంలో 'నేను మేకు సరిగానే కొట్టాను, మేకే మంచిది కాదు' అని చెప్పుకుంటాడు. మేకు గొప్పదని ముందు లోకానికి తేలాలి. మిగిలిన సవారీకి గుడారాల పని నాకు అప్పగించండి. తమరి మేకులతోనే, తమరి పరుపుతోనే చేస్తాను. ఎక్కడైనా గుడారం కూలితే ఇద్దరినీ వెళ్లగొట్టండి. కూలకపోతే ఇతన్ని మన్నించండి."

మేకు గొప్పదన్న మాట రాజుకు నచ్చింది. "సరే. కానీ మా మేకు తప్ప వేరే మేకు నేలను తాకకూడదు. మా పరుపు తప్ప వేరే పరుపు మేము తాకం" అన్నాడు.

సాయంత్రం మాచన గుండయ్యను వెతుక్కుంటూ వెళ్లాడు. గుండయ్య బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"పెద్దయ్యా, లే. పని ఉంది."

"నన్ను పొమ్మంటే పోతాను మాచన్నా. ఎక్కడైనా బతుకుతాను. చేతకాదన్నాడు చూడు, అది మింగుడు పడటం లేదు."

ఇలాంటి చోట తన చమత్కారం ఎందుకూ పనికిరాదని మాచనకు తెలుసు. పక్కన కూర్చున్నాడు. ఇసుకలోంచి ఒక కంచుమేకు తీసి చేతిలో తిప్పుతూ, "దీనితో మనం ఏమేం చెయ్యొచ్చో చెప్పు. ఏం చెయ్యలేమో రాజుగారు చూశారు కదా" అన్నాడు.

గుండయ్య మేకును అందుకున్నాడు.

రెండో బస నల్లరేగడిలో. వాన తడి ఇంకా ఆరలేదు. అడుగు వేస్తే పాదానికి మట్టి ముద్ద అంటుకుని వస్తోంది. మేకు ఎంత సులువుగా దిగుతుందో అంతే సులువుగా ఊడి వస్తుంది. మాచనా గుండయ్యా కలిసి గుడారాన్ని లాగి కట్టే ఒక్కో మోకుకు మేకు వెనక మేకు కొట్టించి, ముందుదాని తలను వెనకదాని మొదలుకు బిగించి కట్టించారు.

రాజు గుడారం చుట్టూ తిరిగి చూశాడు. "మోకుకు రెండేసి సింహాలు ఎందుకు?"

"రాజధాని సింహాలు కదా ప్రభూ, కొత్త ఊళ్లో తోడు లేకపోతే బెంగ పెట్టుకుంటాయని" అన్నాడు మాచన.

రాజు మీసం చాటున కొంచెం నవ్వాడు. మోకుకు ఒక్కటే కొట్టాలన్న శాసనం ఆయన చెయ్యలేదు మరి.

ఆ రాత్రి గాలి వీచింది, జల్లు కూడా పడింది. గుడారం కదల్లేదు. ఇసుక నేలలో ఒళ్లు నొప్పులతో లేచిన రాజు ఇక్కడ హాయిగా నిద్ర లేచాడు. ఒక్క చుక్క చెమ్మ కూడా పరుపుకు తగల్లేదు. ఆయనకు అనుమానం వచ్చింది. పరుపు అంచు ఎత్తి చూశాడు. కింద మందంగా ఎండుగడ్డి, దాని మీద గొంగళ్లు.

"మాచనా!" అని గర్జించాడు. "వేరే పరుపు వద్దన్నామా లేదా? మమ్మల్నే మోసం చేస్తావా?"

మాచన చేతులు కట్టుకున్నాడు. "తమరి పరుపు ఒక్కటే ప్రభూ. కింద ఉన్నది తమరిది కాదు."

"మరి ఎవరిది?"

"భూదేవిది. తమరు భూపతులు కదా. అంటే ఆమె తమరి దేవేరి. రాత్రంతా ఆమె తడిసి చలికి వణుకుతోంది. భర్త పట్టుపరుపు మీద పడుకుని, భార్యను వట్టినే వదిలేస్తే లోకం ఏమంటుంది? అందుకని ఆమెకు గొంగడి కప్పాను. తమరి పరుపు దాని మీద వేశాను. ఒట్టు, తమరు ఆమె గొంగడిని తాకలేదు."

రాజు పరుపు అంచు వదిలేశాడు. "కప్పావు సరే. ఆమె చలి తగ్గితే మాకెందుకు వెచ్చగా ఉంది?" అన్నాడు.

"దంపతులు కదా ప్రభూ."

రాజు విసురుగా బయటికి వెళ్లిపోయాడు. అయితే ఆ గడ్డి తీసెయ్యమని మాత్రం అనలేదు.

ఆఖరి బస పడమటి గుట్టల్లో. అక్కడ తవ్వుదామంటే గుప్పెడు మట్టి లేదు. ఎటు చూసినా బండే. మేకు మీద సమ్మెట వేస్తే నిప్పురవ్వలు లేచి, సింహం మూతి వంకరపోయింది తప్ప గోరంత కూడా దిగలేదు. గుండయ్య మాచన వంక చూశాడు. మాచన తల ఊపాడు. ఇద్దరూ కలిసి పెద్ద పెద్ద గుండ్లు ఎంచి, మోకులు వాటి నడుముకు చుట్టి కట్టించారు. ఒక్కో గుండు మీద ఒక్కో సింహం మేకును నిలబెట్టి, కుంకుమ బొట్టు పెట్టారు.

గుట్టల మీద గాలి మామూలు గాలి కాదు. గుడారం గుడ్డ టపటపమని కొట్టుకుంది గానీ, ఒక్క మోకు కూడా సడలలేదు.

పొద్దున రాజు బయటికి వచ్చి, బండల మీద కూర్చున్న తన సింహాలను చాలాసేపు చూశాడు. ఈసారి గర్జించలేదు.

"మాచనా, మా మేకులు ఏం చేస్తున్నాయి అక్కడ?"

"ఆజ్ఞ ఇస్తున్నాయి ప్రభూ. పట్టుకోవడం మాత్రం బండలు చేస్తున్నాయి."

మాచనకు ఆ మాట నోట్లోంచి వెళ్లాక గానీ అది ఎంత పదునైనదో తెలియలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

రాజు ఒక బండ దగ్గరికి వెళ్లాడు. సింహాన్ని తీసి చేత్తో పట్టుకున్నాడు. మోకు అలాగే బిగువుగా ఉంది. మళ్లీ పెట్టాడు. మోకు అలాగే ఉంది.

"అయితే మేము చేయించిన మేకు దండగేనా?" ఆ గొంతులో కోపం లేదు. చిన్నబోయిన కుర్రవాడి గొంతులా ఉంది.

మాచనకు జాలి వేసింది. ఇప్పుడు ఒక చమత్కారం విసిరితే కొలువంతా నవ్వుతుంది. కానీ అతనికి నవ్వించాలనిపించలేదు.

"కాదు ప్రభూ. కోట ముంగిట ఎర్రమట్టిలో దానికి సాటి లేదు. తమరు దాన్ని అక్కడే కొట్టి చూశారు. అక్కడ అది నిజంగానే గొప్ప మేకు. నేల మారితే మేకు తప్పు కాదు, నేల తప్పూ కాదు. ఏ నేల మీద ఉన్నామో కాస్త వంగి చూడాలి, అంతే. తమరి తండ్రిగారు గుర్రం దిగగానే పిడికెడు మట్టి తీసి పిసికి చూసేవారట. గుండయ్య చెప్పాడు."

రాజు గుండయ్య వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజం ప్రభూ. 'గుండయ్యా, ఇవాళ ఎలా పడుకుందాం?' అని అడిగేవారు."

రాజు బండ మీద బొట్టుతో, వంకర మూతితో కూర్చున్న సింహాన్ని ఇంకోసారి చూశాడు. పెదవి చివర నవ్వు మొదలై, ఆగలేక పకపకా నవ్వేశాడు. మంత్రులూ భటులూ బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటపడింది. గుట్టలు మారుమోగాయి. గుండయ్య మాత్రం పైపంచతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"గుండయ్యా, చేతకాదన్నది మా నోరు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం. నీ సంత బండి నువ్వు కట్టుకో" అన్నాడు రాజు.

తర్వాత మాచన భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు మమ్మల్ని మా మాటతోనే కట్టేశావు. నీకొక అగ్రహారం ఇవ్వాలని ఉంది" అన్నాడు. ఎప్పుడూ ఎవరి ఇష్టమూ అడిగి ఎరగని ఆ రాజు, "ఏ నేలలో కావాలి?" అని అడిగాడు.

మాచన వంగి నమస్కరించాడు.

"అడిగారు కదా ప్రభూ. ఇక ఎక్కడ ఇచ్చినా ఫర్వాలేదు."