హంస ముద్ర పన్నీరు బుడ్లు

మేడిగిరి రాజుగారి పట్టపుటేనుగు కాలికి వీధిలో గాజుపెంకు గుచ్చుకుంది. ఏనుగు కుంటింది, రాజుగారు మండిపడ్డారు.

"బుచ్చప్పా! పున్నమినాటి ఊరేగింపులోగా ఊళ్లో ఒక్క పెంకు కనబడకూడదు. కనబడిందా, ఏనుగు బదులు అంబారీ నువ్వే మోస్తావు."

బుచ్చప్ప కొలువులో విదూషకుడు. సొంత బొజ్జ మోయడానికే ఆపసోపాలు పడే మనిషి. పాపం, వారం రోజులు చీపురు పట్టి ఊడ్చాడు. ఊడ్చిన చోటే తెల్లారేసరికి మళ్లీ పెంకులు. అన్నీ పన్నీరు వర్తకుడు కనకలింగం చేసిన గాజు బుడ్లే. జనం పన్నీరు చల్లుకుంటారు, ఖాళీ బుడ్డి వీధిలోకి విసురుతారు.

"కాస్త ఆ ఖాళీ బుడ్లు మీరే వెనక్కి తీసుకోండి బాబూ" అని వెళ్లి బతిమాలాడు.

కనకలింగం మీసం దువ్వాడు. "అమ్మేశాక నాకేం సంబంధమోయ్? నీ చేతికి చీపురు భలే నప్పింది. కానీ, కానీ!"

నప్పిన మాట నిజమేనని బుచ్చప్పకూ అనిపించింది. అదే అతని బాధ.

పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా, బుచ్చప్ప నిండు కొలువులో ఒక పెంకు పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కనకలింగంగారి హంస ముద్రను ఎవడో దొంగ బుడ్ల మీద వేస్తున్నాడు. వీధుల్లో పడున్నవి అవే. ఈ నాసిరకం పని ఆయనదై ఉంటుందా?"

కనకలింగం చివాలున లేచాడు. "నాసిరకమా! ఇలా తే." పెంకును వెలుతురుకు పట్టి చూశాడు. "నా ముద్ర వేయగల మొనగాడు ఇంకా పుట్టలేదు. హంస ఉన్న ప్రతి బుడ్డీ నాదే!"

"పగిలినవి కూడానా?"

"ముక్కలైనా సరే, నావే! ప్రభువే సాక్షి."

"హమ్మయ్య! పోగేసిన పద్నాలుగు బళ్ల ముక్కలు బయటే ఉన్నాయి. మీ వాకిట్లో దింపిస్తాను."

కనకలింగం తెల్లబోయాడు. "అవన్నీ నేను అమ్మేసినవి కదా!"

బుచ్చప్ప వినయంగా వంగాడు.

"మీరు అమ్మింది పన్నీరండీ, అది జనం చల్లేసుకున్నారు. బుడ్డి మీదేనని ఇప్పుడే సెలవిచ్చారు."

రాజుగారు పడీపడీ నవ్వారు. "కనకలింగం! ఇకమీదట ఖాళీ బుడ్లన్నీ ఇంటింటికీ తిరిగి నువ్వే తెచ్చుకో. కరిగించి మళ్లీ బుడ్లే చేసుకో. ముందు వీధులు ఊడ్పించు."

బుచ్చప్ప తన చీపురు తెచ్చి కనకలింగం చేతిలో పెట్టాడు. "మీకూ నప్పిందండీ!"

కొలువంతా గొల్లుమంది.

"బుచ్చప్పా, నీకు వెండి అంచు చెప్పులు బహుమానం! ఊరేగింపులో అంబారీ ఎక్కి మా పక్కనే కూర్చో" అన్నారు రాజుగారు.

బుచ్చప్ప తన బొజ్జకేసి చూసుకున్నాడు.

"ముందు ఏనుగును ఒక మాట అడగండి ప్రభూ. పాపం, దాని కాలు మొన్ననే మానింది!"