ఉప్పు నూకాలు అడిగిన మాట

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. కొట్టండి మరి.

అనగనగా, మా తాతకు తాతకు ఇంకా మీసాలు రాని రోజుల్లో, సముద్రం పక్కన తాటిదిబ్బ అని ఓ ఊరు. ఆ ఊళ్ళో ఉప్పమ్ముకునే నూకాలు ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. నెత్తిన గంప, నోట్లో మాట, రెండూ దించేది కాదు.

ఆ ఊరికి గత్తర, అదే కలరా, వచ్చిపడింది. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి లేడు. ఊరిపెద్ద నాయుడు ప్రతి గుమ్మం ముందూ సున్నంతో గీత గీయించి, ఒకరి గీత ఒకరు దాటకూడదన్నాడు. మంచి మాటే. గీతలు పడ్డాక చావులు తగ్గాయి.

కానీ మూసిన తలుపుల వెనక ఇంకో జబ్బు మొదలైంది. దానికి పేరు లేదు, మందు లేదు. ఒకాయన గోడతో మాట్లాడేవాడు. ఒకావిడ తల దువ్వుకోవడం మానేసింది. పెద్దపెద్ద మగాళ్ళు చాప మీంచి లేచేవారు కారు. ఒంట్లో బాగానే ఉంటుంది, లేవాలనిపించదు, అంతే.

ఉప్పు లేకుండా గడవదు కాబట్టి నూకాలు ఒక్కతే వీధిలో తిరిగేది. గీత మీద పెట్టిన ముంతలో ఉప్పు పోసేది. పోసి ఊరుకోదు. "ఏటి కూరొండినారు?" అని అరిచేది. గీత దాటదు, గొంతు తగ్గించదు.

నాయుడు విసుక్కున్నాడు. "ఊరు ఏడుస్తుంటే నీకు కూరల గోలేంటే?"

"గీత దాటొద్దన్నారు బాబూ. అడగొద్దన్లేదు గదా" అంది నూకాలు.

మొదటి ఇల్లు తల దువ్వుకోని సన్నాసమ్మది.

"ఏటి కూర, ఒదినా?"

"ఆనపకాయ" అని నీరసంగా వినిపించింది.

"నిన్నా అదేగా. మా అన్న ఎలా తింతన్నాడో పాపం."

సన్నాసమ్మకు ఒళ్ళు మండింది. జుట్టు ముడేసుకుని గుమ్మంలోకొచ్చి నూకాల్ని దులిపేసింది. నూకాలు నవ్వుకుంటూ ముందుకు నడిచింది.

రెండో ఇల్లు గోడతో మాట్లాడే అప్పలసూరిది.

"ఏటి కూర, మావా?"

"నీకెందుకే?"

"గోడకి చెప్తావు, నాకు చెప్పవా?"

లోపల ముసలాయన నవ్వాడు. "ఎండుచేపలేలే" అన్నాడు.

మూడో ఇల్లు నేతగాడు బంగారయ్యది. గత్తర అతని పెళ్ళాన్ని తీసుకుపోయింది. మగ్గం మోగడం లేదు. పొయ్యి పొగ లేదు. ముంతలో పాత ఉప్పు అలాగే ఉంది.

"ఏటి కూర, తమ్ముడూ?"

జవాబు లేదు. మర్నాడూ అడిగింది, లేదు. ఆ మర్నాడు సన్నటి గొంతు వినిపించింది. "ఒండలేదక్కా. ఇంక ఒండను. ఎల్లిపో."

ఈ మనిషి బతుకు వదిలేసుకుంటున్నాడని నూకాలుకు అర్థమైంది. గంప దించి గీత ఇవతల కూలబడింది.

"నువ్వొండేదాకా కదల్ను."

ఎండ కాసింది, కదల్లేదు. గాలి లేచింది, కదల్లేదు. వాన పడింది, కదల్లేదు. గంపలో ఉప్పంతా కరిగి వీధిలో పారింది. సున్నం గీత కూడా కొట్టుకుపోయింది. అది ఎక్కడుండేదో నూకాలుకు తెలుసు, అక్కడే కూచుంది. గీత దాటలేదు, గొంతు తగ్గించలేదు.

చివరికి బంగారయ్య ఇంటి కప్పులోంచి పొగ లేచింది. తలుపు తెరుచుకుంది. చిక్కి సగమైన మనిషి గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

"పప్పుచారు" అన్నాడు. "ఇంక ఎల్లక్కా, తడిసిపోతన్నావు." లోపలికెళ్ళబోయి మళ్ళీ ఇటు తిరిగాడు. "మరి నువ్వేటి ఒండినావు?"

ఊరందర్నీ అడిగిన నూకాల్ని, ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ ఒక్కరూ లేరు. తను పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళైందో తనకే గుర్తు లేదు. వానలో భోరుమని ఏడ్చేసింది.

బంగారయ్య సగం చారు ఇంకో గిన్నెలో పోసి, గీత ఉండాల్సిన చోట పెట్టి వెనక్కి జరిగాడు. అటు అతను, ఇటు ఆమె తిన్నారు. మర్నాడు మగ్గం మోగింది.

గత్తర పోయింది. చాలా ఏళ్ళకు నూకాలూ పోయింది. ఆమెకు గుడి కట్టలేదు. కానీ తాటిదిబ్బలో ఇప్పటికీ ఎదురుపడ్డ మనిషిని "ఏటి కూర?" అని అడుగుతారు. ఒండలేదంటే అక్కడే కూచుంటారు. జవాబు చెప్పినవాళ్ళు కూడా "మరి మీ ఇంట్లో?" అని తిరిగి అడగాలి. అడక్కుండా పోతే చెయ్యి పట్టుకుని ఆపుతారు. "నూకాల్ని పస్తు పంపేత్తావా?" అంటారు.

నా కథ అయిపోయింది. చెప్పండి, మీ ఇంట్లో ఏం కూర?

బాగుంది. మరి నన్నడగరేం?