పై అర ఎవరికి?

అది ఏ రాజ్యమో ఇప్పుడు చెప్పేవారు లేరు గాని, అక్కడి రాజుగారు తూర్పు పాఠశాల, పడమటి పాఠశాలల తాళపత్ర గ్రంథాలను ఒక్కచోట చేర్చదలచి కొత్త మందిరం కట్టించారు. తూర్పు పండితులు సోమయాజులు, పడమటి పండితులు అవధానులు. అన్నిటికంటే ఎత్తైన అర తమ గ్రంథాలకే దక్కాలని ఇద్దరూ పట్టుబట్టారు. విసిగిన రాజుగారు, "సాయంత్రంలోగా తేల్చకపోతే దీన్ని ఏనుగులశాల చేస్తాను" అన్నారు.

ఆ టేకు అరలను ఏడాదిపాటు చెక్కిన వడ్రంగి మల్లోజు ఆ మాట వింటూనే చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

"సోమయాజులుగారూ, పై అర తమరిదే. పిల్లలకు అందదు గనుక ఎవరి చెయ్యీ పడకుండా పదిలంగా ఉంటుంది. చేతికందే అర అవధానులుగారిది. పిల్లలు రోజంతా వాటినే చదువుకుంటారు."

సోమయాజులు ఉలిక్కిపడ్డారు. "ఒరేయ్, మా శాస్త్రం అటకెక్కి, ఆయనది అందరి నోళ్లలో నానాలా? మాకు చేతికందే అరే కావాలి!"

"అది నాకిచ్చేశాడుగా!" అన్నారు అవధానులు.

"ఆ ఒక్క అరలో ఇద్దరివీ పట్టవు స్వామీ. పిల్లలు అడిగిన గ్రంథం, ఎవరిదైనా సరే, అక్కడ ఉంటుంది. అడగనిది పైకెక్కుతుంది," అన్నాడు మల్లోజు.

రాజుగారు నవ్వి ఆ మాటనే శాసనం చేశారు.

మర్నాడు మల్లోజు తలుపులు బిగించడానికి వెళ్లాడు. సొంత శిష్యులనైనా గ్రంథం ముట్టుకోనివ్వని ఆ పండితులిద్దరూ గుమ్మంలో నిలబడి, దారినపోయే ప్రతి పిల్లవాణ్ణీ పిలుస్తున్నారు.

"రా నాయనా, లోపలికి రా. నీకేం చదవాలని ఉంది?"