చెవులు వాలిన చోటు

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక పులులుంటాయి కదా అంటారేమో. ఉన్నాయి గానీ ఈ రోజు వాటితో మనకు పనిలేదు. మన పనంతా కంపన్నతోనే. కంపన్న ఒక ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళు, మనసు మాత్రం వెన్న. కానీ ఆ వెన్న సంగతి ఎవరికి తెలుసు? కంపన్న కనిపిస్తే చాలు, పిల్లలంతా "అమ్మో, ముళ్ళు!" అంటూ తుర్రుమనేవారు.

"నా పక్కన కూర్చునే పిల్ల ఒక్కటీ లేదే!" అని కంపన్నకు ఒకటే దిగులు.

ఆ అడవిలోనే నారమ్మ అనే గిజిగాడి పిట్ట ఉండేది. గూళ్ళు అల్లినట్టే పుస్తకాలూ కుట్టేది. ఏటా తొలకరికి ముందు మోదుగాకుల మీద రాసిన కథలు తెప్పించుకుని, మంచివి ఏరి, నకళ్ళు తీయించి, గడ్డినారతో కుట్టి, కోతుల చేత బొరియ బొరియకూ పంపేది. వానల్లో బయటికి రాలేని పిల్లలకు ఆ పుస్తకమే కాలక్షేపం.

"నా కథ అందులో పడితే పిల్లలు నన్ను వెతుక్కుంటూ రారా?" అనుకున్నాడు కంపన్న. వెంటనే వీపు మీది ముల్లొకటి పీకి, నేరేడు రసంలో ముంచి, తొమ్మిది ఆకుల కథ రాశాడు.

ముందు ఏనుగు తాతకు చదివి వినిపించాడు. "ఆహా, వెన్నెలను ఏం వర్ణించావురా!" అన్నాడు తాత. నెమలి విని, "ఆ వెన్నెల ఇంకో రెండు ఆకులు పెంచు" అంది. గుడ్లగూబ పంతులు విని, "నీతులు తక్కువయ్యాయి, ఇంకో ఆకు నిండా తగిలించు" అన్నాడు. కంపన్న అన్నీ తగిలించాడు. కథ పన్నెండు ఆకులైంది.

నారమ్మ ఆ కట్ట అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎవరెవరు విన్నారు?" అని అడిగింది.

"పెద్దలందరూ విన్నారు పిన్నీ. అందరూ మెచ్చుకున్నారు."

"పిల్లలో?"

"వాళ్ళు నన్ను చూస్తేనే పారిపోతారు కదా పిన్నీ."

"చూడు కంపన్నా, నా పుస్తకంలో ఇక ఒకే ఒక్క ఆకుకు చోటుంది. తొలి ఉరుము వినగానే కుట్టేస్తాను. ఈలోగా దూదక్క పిల్లలకు చదివి వినిపించు. బాగుందా అని మాత్రం అడక్కు. మొహమాటానికి బాగుందనేస్తారు. వాళ్ళ చెవులు చూడు. అవి ఎక్కడ వాలితే అక్కడ ఆకుకు ముల్లు గుచ్చు" అంది నారమ్మ.

దూదక్క ఒక చెవులపిల్లి. ఆవిడకు ఐదుగురు పిల్లలు, అంటే పది చెవులు. కంపన్న దూరంగా నిలబడి చదివాడు. మొదటి ఆకు పూర్తికాకముందే రెండు చెవులు వాలాయి. రెండో ఆకుకు ఆరు. గుచ్చీ గుచ్చీ ఆకులన్నీ జల్లెడలయ్యాయి. ఏడో ఆకులో ఒక్కచోట మాత్రం పది చెవులూ నిక్కపొడుచుకున్నాయి. ఎందుకో కంపన్నకు అంతుపట్టలేదు.

"ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు!" అని చిరచిరలాడుతూ ఇంటికి పోయాడు.

రెండో రోజు ఇంకో ఎత్తు వేశాడు. కథ చదువుతూ ముళ్ళు గలగలలాడించాడు. పులిలా గాండ్రించాడు. పిల్లిమొగ్గలు వేశాడు. చెవులు ఒక్కటీ వాలలేదు. "పిన్నీ, ఈసారి ఒక్క కొత్త చిల్లు పడితే ఒట్టు!" అని నారమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

జరిగిందంతా విని నారమ్మ పకపకా నవ్వింది. "మరి వానలో బొరియ బొరియకూ వెళ్ళి నువ్వే పిల్లిమొగ్గలు వేస్తావా? ఆకు ఒక్కటే వెళుతుంది నాయనా, నువ్వు వెళ్ళవు. రేపు దూదక్క చేత చదివించు. నువ్వు పొద చాటున నోరు మూసుకుని కూర్చో."

మూడో రోజు దూదక్క చదివింది. వెన్నెల దగ్గర పిల్లలు ఆవలించారు. నీతుల దగ్గర ఆఖరిపిల్ల గింజి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఏడో ఆకు వచ్చింది.

"ఖాళీ బొరియలో ఎవరో తుమ్మారు" అని చదివింది దూదక్క.

పది చెవులూ లేచాయి. గింజి కూడా లేచింది. "ఖాళీ బొరియలో ఎవరుంటారమ్మా?"

దూదక్క ఆకు తిప్పింది. మళ్ళీ వెన్నెలే.

"వెన్నెల వద్దు! తుమ్మిందెవరో చెప్పు!" అని గింజి ఏడుపు అందుకుంది.

పొద చాటున కంపన్నకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క మాటే తన చిన్నతనం తలుచుకుని రాసింది. మిగతాదంతా మెప్పు కోసం రాసింది.

ఇంటికొచ్చి ఆకులు ముందేసుకుని కూర్చున్నాడు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వెన్నెల తీసేస్తే ఏనుగు తాత ఏమంటాడో! ఉంచితే గింజి నిద్రపోతుంది. పాపం, ఆ వెన్నెల అంటే కంపన్నకూ ప్రాణమే. కళ్ళు తుడుచుకుని పదకొండు ఆకులు పక్కన పడేశాడు. మిగిలిన ఏడో ఆకులోనే తుమ్మిందెవరో రాశాడు. తనను చూసి అందరూ పారిపోతుంటే, ఎవరినీ భయపెట్టకూడదని మూలన దాక్కున్న ఏదుపంది పిల్ల.

నారమ్మ చదివి, "మరి నీతి ఏదీ?" అంది.

"అది పిల్లలకే వదిలేశాను పిన్నీ."

నారమ్మ సూదిలో నార ఎక్కిస్తుండగా తొలి ఉరుము ఉరిమింది.

వానలు పట్టుకున్నాయి. పది రోజులైనా కంపన్న గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. "ఇంతేలే" అనుకుని మూలన ముడుచుకున్నాడు. పదకొండో రోజు బొరియ ముందు ఎవరో తుమ్మారు.

తొంగి చూస్తే గింజి, ముద్దగా తడిసిపోయి!

"మామా, ఆ పిల్ల పక్కన తర్వాత ఎవరైనా కూర్చున్నారా?"

కంపన్న ముళ్ళన్నీ వెనక్కి అణుచుకుని కాస్త జరిగాడు. గింజి వచ్చి పక్కనే కూర్చుంది.

"కూర్చున్నారు తల్లీ" అన్నాడు కంపన్న.

పిల్లలూ, కంపన్న నీతి రాయలేదు గానీ, నాకు చెప్పందే నిద్రపట్టదు.

నీతి: పిల్లలకు కథ చెప్పేవాడు పెద్దల చప్పట్లు కాదు, పిల్లల చెవులు చూసుకోవాలి.